ఇంజన్ పని చేయించాక పొగ వస్తోందా? మళ్ళీ దింపే ముందు ఇవి చూడండి

కొత్తగా ఇంజన్ పని చేయించిన కారుకి సైలెన్సర్‌లోంచి నీలం పొగ కనిపిస్తే చాలు, చుట్టూ ఉన్నవాళ్ళంతా ఒకటే మాట అంటారు, రింగులు (పిస్టన్ చుట్టూ ఉండి ఆయిల్ పైకి రాకుండా ఆపేవి) కూర్చోలేదు, ఇంజన్ మళ్ళీ దింపాల్సిందే అని. విజయవాడ ఆటోనగర్‌లో ఈ మాట ఎంతమంది నోట విన్నానో లెక్కే లేదు. రింగులు కారణం కావొచ్చు, కాదనను. కానీ పొగకి రింగులు కాక ఇంకో నాలుగైదు దారులున్నాయి, వాటిలో చాలావరకు ఇంజన్ దింపకుండానే తేల్చుకోవచ్చు. తేల్చుకోకుండా స్పానర్ పట్టుకుంటే ఖర్చు రెండింతలవుతుంది, పైగా అప్పుడప్పుడే బోరుతో, అంటే సిలిండర్ లోపలి గోడతో, కుదురుకుంటున్న రింగుల్ని చేజేతులా కదిలించినట్టవుతుంది.

నాది పాత స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్. 1.8 లీటర్ల టర్బో పెట్రోల్, సిలిండర్‌కి ఐదు చొప్పున 20 వాల్వులు, 150 బీహెచ్‌పీ. 2000ల మధ్యలో మన దేశంలో ఆ ధరకి అలా లాగే సెడాన్ దాదాపు లేదు, ఆ లాగుడు కోసమే ఇన్నేళ్ళయినా దాన్ని వదలబుద్ధి కావట్లేదు. మూడో సిలిండర్‌లో కంప్రెషన్ (పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి) పడిపోయి ఆయిల్ తాగడం మొదలుపెట్టేసరికి ఫుల్ ఇంజన్ పని చేయించాను. బోరింగ్, అర మిల్లీమీటరు ఓవర్‌సైజు పిస్టన్లు, కొత్త రింగులు, బేరింగులు, హెడ్ (వాల్వులుండే ఇంజన్ పై భాగం) పని, వాల్వ్ సీళ్ళు అన్నీ కొత్తవే. టర్బో (ఎగ్జాస్ట్ జోరుకి తిరిగి ఇంజన్‌లోకి గాలిని నెట్టేది) మాత్రం పాతదే, బాగానే ఉందని అదే బిగించారు.

బిగించిన రోజు పొగ వచ్చింది. అది వస్తుంది, దానికి టెన్షన్ పడక్కర్లేదు. బిగించేటప్పుడు బోరుకి, రింగులకి పూసిన ఆయిల్ కాలాలి, పాత ఇంజన్ కక్కిన ఆయిల్ సైలెన్సర్‌లో, క్యాటలిటిక్ కన్వర్టర్‌లో, ఇంటర్‌కూలర్ పైపుల్లో మిగిలి ఉంటుంది, అదీ కాలాలి. వేడెక్కేకొద్దీ, తిరిగేకొద్దీ అది తగ్గుతూ పోవాలి. నాది కొంత తగ్గి అక్కడే ఆగిపోయింది. ఆగిపోవడమే అసలు సమస్య.

రంగుల సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి త్వరగా చెప్పేస్తాను. నీలం అంటే ఆయిల్, నలుపు అంటే పెట్రోల్ ఎక్కువ పడుతోందని, తెలుపు అంటే నీటి ఆవిరి లేదా కూలెంట్. తెలుపు విషయంలో మాత్రం ఒక మాట. చలి దేశాలవాళ్ళ వీడియోలు చూసి "పొద్దున్నే తెల్ల పొగ మామూలే" అనుకుంటే మనకి కుదరదు. డిసెంబర్ తెల్లవారుజామున కృష్ణ ఒడ్డున మంచు పట్టినప్పుడు కాసేపు ఆవిరి కనిపిస్తే అది మామూలే. మే నెలలో బెజవాడ ఎండకి ఆవిరి అలా చల్లబడి తెల్లగా కనిపించే అవకాశమే లేదు. అప్పుడు దట్టంగా తెల్ల పొగ, తియ్యటి వాసన, రిజర్వాయర్‌లో కూలెంట్ తగ్గడం, ఈ మూడూ కలిస్తే హెడ్ గ్యాస్కెట్టో, హెడ్‌లో పగులో చూసుకోవాలి. ఇంకోటి, కాలీ కాలని ఆయిల్ కూడా పగటి వెలుతురులో బూడిద రంగులో, దాదాపు తెల్లగానే కనిపిస్తుంది. రంగు చూసి మోసపోయేది ఇక్కడే. సాయంత్రం చీకటి పడ్డాక వెనక ఇంకో బండి హెడ్‌లైట్ వెలుగులో చూస్తే పొగ ఎంత వస్తోందో, ఎప్పుడు వస్తోందో స్పష్టంగా తెలుస్తుంది.

రంగు కంటే నాకు ఎక్కువ పనికొచ్చింది ఆ "ఎప్పుడు" అన్నదే. ఏ క్షణంలో పొగ వస్తోందో పట్టుకుంటే ఆయిల్ ఏ దారిన వస్తోందో సగం తెలిసిపోయినట్టే.

రాత్రంతా నిలబెట్టిన కారు పొద్దున్న సెల్ఫ్ కొట్టగానే ఒక్కసారి నీలంగా బుస్సుమని, తర్వాత ఆగిపోతే వాల్వ్ సీళ్ళని అనుమానించాలి. హెడ్‌లో నిలిచిన ఆయిల్ రాత్రంతా వాల్వ్ కాడ వెంట బొట్టుబొట్టుగా దిగి పొద్దున్న ఒకేసారి కాలుతుంది. కొత్త సీళ్ళే కదా అని వదిలేయకండి. సీలు తొడిగేటప్పుడు వాల్వ్ కాడ చివర లాక్ కూర్చునే గాడి అంచుకి తగిలి రబ్బరు పెదవి చిరగడం చాలా మామూలు, అందుకే తొడిగే ముందు ఆ గాడికి ప్లాస్టిక్ తొడుగు వేయాలి. ఈ ఇంజన్‌కి 20 వాల్వులు, అంటే 20 సీళ్ళు, ఒక్కటి చిరిగినా చాలు.

యాక్సిలరేటర్ మీద కాలు తీసేసి గేర్లోనే కాసేపు దిగి, మళ్ళీ తొక్కగానే వెనక మేఘం లేస్తే అదీ వాల్వ్ గైడ్ల (వాల్వ్ కాడ కదిలే గొట్టాల), సీళ్ళ వైపే చూపిస్తుంది. థ్రాటిల్ (గాలి దారిని మూసే తలుపు) మూసుకుని ఇంజన్ తిరుగుతున్నప్పుడు ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో వాక్యూమ్ బాగా పెరుగుతుంది, ఆ పీలుపుకి ఆయిల్ గైడ్ల సందుల్లోంచి లోపలికి వస్తుంది. ఆయిల్ రింగు సరిగ్గా లేకపోయినా ఆ పీలుపుకే కింద నుంచి ఆయిల్ పైకి రావచ్చు, కాబట్టి ఈ ఒక్క పరీక్షతో తీర్పు చెప్పకూడదు.

గట్టిగా లాగేటప్పుడు, లోడు మీద, మూడో గేర్లో తొక్కి పట్టినంతసేపూ పొగ వస్తూనే ఉంటే రింగులు, బోరు. లేకపోతే పీసీవీ, అంటే క్రాంక్‌కేసులో (ఇంజన్ కింది భాగంలో) చేరే ఆవిర్లని ఇన్‌టేక్‌లోకి పంపే ఏర్పాటు. టర్బో బూస్ట్ ఇస్తున్నప్పుడు ఇన్‌టేక్‌లో ఒత్తిడి పెరుగుతుంది, అది క్రాంక్‌కేసులోకి పోకుండా ఆపే వన్‌వే వాల్వ్ పాడైతే ఒత్తిడి మొత్తం కిందకి దూరి ఆయిల్‌ని దొరికిన ప్రతి సందులోంచి బయటకి నెడుతుంది. చవక వస్తువు, నోట్లో పెట్టుకుని ఊదితే తెలిసిపోతుంది, ఒకవైపే గాలి పోవాలి. ముందు దీన్ని చూడకుండా ఇంకేదీ ముట్టుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇక సిగ్నల్ దగ్గర రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లో నిలబడి, పచ్చ లైటు పడి కదిలేటప్పుడు పొగ వచ్చి, స్పీడు అందుకోగానే పోతే వాల్వ్ సీళ్ళయినా కావొచ్చు, టర్బో అయినా కావొచ్చు. నాది సరిగ్గా ఇదే.

నా ఫ్రెండొకడు తన కారులో వెనకే వస్తూ డాష్‌బోర్డు మీద ఫోన్ పెట్టి రికార్డ్ చేశాడు. బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో నిలబడి, కదిలి, వారధి దాటి మంగళగిరి వైపు హైవే ఎక్కేదాకా. వీడియో చూస్తుంటే వాడే అన్నాడు, "మామా, నువ్వు నిలబడి కదిలినప్పుడే వస్తోందిరా, హైవే మీద అంత తొక్కినా ఒక్క చుక్క పొగ లేదు." తర్వాత గుంటూరు అవతల కొండవీడు ఘాట్ రోడ్డుకి తీసుకెళ్ళాం. పైనుంచి రెండో గేర్లో కాలు తీసేసి దిగి, కింద రోడ్డు ఖాళీగా ఉన్నచోట ఒక్కసారి తొక్కాను. ఏమీ లేదు. పొద్దున్న స్టార్ట్ చేసినప్పుడూ ఏమీ లేదు. అంటే వాల్వ్ సీళ్ళ మీద అనుమానం చాలావరకు పోయింది.

ఇదంతా చెప్పినా ఇంజన్ బిగించిన మేస్త్రీ ఒప్పుకోలేదు. "సార్, రింగులే. ఇంకేం లేదు. దింపి హోనింగ్ కొట్టి మళ్ళీ వేద్దాం" అన్నాడు. హోనింగ్ అంటే బోరు గోడ మీద సన్నటి గీతలు పెట్టడం. "మేస్త్రీ గారూ, రింగులైతే లాగేటప్పుడు రావాలి కదా, నిలబడి కదిలేటప్పుడే ఎందుకొస్తోంది?" అని అడిగితే కాసేపు ఆలోచించి, "లారీలకి ఇట్టా చూడంగదండీ" అన్నాడు. ఆ మాటలో నిజముంది. మన ఆటోనగర్ చేతులు పెరిగింది లారీ ఇంజన్ల మీద. పాత డీజిల్ ఇంజన్‌కి పెట్రోల్ బండికున్నట్టు థ్రాటిల్ ఉండదు, కాలు తీసినా మానిఫోల్డ్‌లో ఆ వాక్యూమ్ రాదు, కాబట్టి కాలు తీసి తొక్కి చూడటం, ఐడిల్ పెట్టి చూడటం లాంటి గుర్తులు వాళ్ళ అనుభవంలోకి అంతగా రావు. బోరింగ్‌లో, బేరింగ్ కొలతల్లో వాళ్ళ చేతి పనికి నేను దణ్ణం పెడతాను. టర్బో పెట్రోల్ పొగని చదవడం మాత్రం వేరే చదువు.

అందుకే రింగుల సంగతి నోటితో వాదించకుండా గేజ్‌తో తేల్చాం. ఇంజన్ వేడి మీద ఉండగా, పెట్రోల్ పంపు ఫ్యూజ్ తీసేసి, ఇగ్నిషన్ కాయిళ్ళ కనెక్షన్లూ తీసేసి, నాలుగు ప్లగ్గులూ విప్పి, బ్యాటరీ ఫుల్‌గా ఉండగా, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని సెల్ఫ్ కొట్టాలి. కాలు తొక్కకుండా కొడితే గాలి లోపలికి అందక రీడింగ్ తక్కువ చూపిస్తుంది, ఆ తప్పుడు నంబరు చూసి ఇంజన్లు దింపినవాళ్ళున్నారు. నాకు నాలుగు సిలిండర్లూ 165, 170 పీఎస్‌ఐ మధ్యలోనే వచ్చాయి. అంకె ఎంతుందన్నదాని కంటే నాలుగూ దగ్గరదగ్గరగా ఉన్నాయా అన్నది ముఖ్యం. ఒకటి బాగా తక్కువుంటే అప్పుడు ఆ సిలిండర్‌లో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్ళీ కొట్టాలి, రీడింగ్ పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులో, హెడ్ గ్యాస్కెట్టో. ఆ పోసిన ఆయిల్ కూడా తర్వాత పొగ పెడుతుంది కాబట్టి ఈ తడి పరీక్ష చివర్లో చేసుకోండి.

కంప్రెషన్ బాగుంది కదా అని రింగుల్ని పూర్తిగా వదిలేయడానికీ లేదు. కంప్రెషన్ పట్టేది పై రెండు రింగులు. ఆయిల్‌ని గీకేది మూడోది, ఆయిల్ రింగు. మూడు ముక్కల రకమైతే మధ్యలో స్ప్రింగులాంటి ఎక్స్‌పాండర్ ఉంటుంది, దాని రెండు కొసలు ఒకదానికొకటి ఆనాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కాయంటే కంప్రెషన్ పరీక్షలో అంతా సుబ్బరంగానే ఉంటుంది, ఆయిల్ మాత్రం తాగుతూనే ఉంటుంది. దీన్ని పట్టుకోవడానికి ఫోన్‌కి తగిలించే సన్నటి బోర్‌స్కోప్ కెమెరా ప్లగ్గు కన్నంలోంచి దింపి పిస్టన్ పైభాగం చూడాలి. అంచుల చుట్టూ మసి కొట్టుకుపోయి తడిగా, శుభ్రంగా మెరుస్తుంటే ఆయిల్ కింద నుంచి వస్తోందని. నాకు నాలుగు పిస్టన్ల మీదా లేత మసి ఒకే రకంగా పట్టి ఉంది, అంచులు పొడిగా ఉన్నాయి, పైగా బోరు గోడ మీద హోనింగ్ గీతలు ఏటవాలుగా ఇంకా కనిపిస్తున్నాయి. ప్లగ్గులు కూడా నాలుగూ పొడిగా, లేత గోధుమ రంగులో. ఆయిల్ కాలే సిలిండర్ ప్లగ్గు తడిగా, నల్లగా ఉంటుంది, దాన్ని చూడటానికి ప్లగ్ స్పానర్ తప్ప ఏ పరికరమూ అక్కర్లేదు.

సిలిండర్లలో ఆయిల్ లేదు, సైలెన్సర్‌లోంచి ఆయిల్ పొగ వస్తోంది. మధ్యలో ఉన్నది టర్బో ఒక్కటే.

టర్బో షాఫ్ట్ నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది, పలచటి ఆయిల్ పొర మీద తేలుతూ. దానికి ఉండేవి రబ్బరు సీళ్ళు కావు, పిస్టన్ రింగుల్లాంటి చిన్న ఇనుప రింగులు. ఆయిల్ పైనుంచి ఒత్తిడితో వస్తుంది, కింద నుంచి మాత్రం దానంతటది జారి సంపులోకి (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి) పోవాలి, తోసేది ఏమీ లేదు. అందుకే డ్రెయిన్ పైపు అంత లావుగా ఉంటుంది. సింకు కింద పైపుకి చెత్త అడ్డం పడితే నీళ్ళు పైకి లేచినట్టు, ఈ డ్రెయిన్‌కి ఏ కొంచెం అడ్డం పడినా టర్బో పొట్టలో ఆయిల్ నిండిపోయి రింగుల్ని దాటి టర్బైన్ వైపు కారుతుంది. ఐడిల్‌లో ఎగ్జాస్ట్ ఒత్తిడి తక్కువ, ఆ కారుడుని ఎదురు ఆపేది ఏదీ ఉండదు, వేడి గొట్టంలో ఆయిల్ చేరి కూర్చుంటుంది. తొక్కగానే అది కాలి పొగ. లాగుతున్నంతసేపూ ఎగ్జాస్ట్ ఒత్తిడి ఆయిల్‌ని వెనక్కి పట్టి ఉంచుతుంది, అందుకే హైవే మీద పొగ లేదు. వీడియోలో చూసిన ప్రతి క్షణానికీ ఇక్కడ జవాబు దొరికింది.

టర్బో నుంచి సైలెన్సర్ వైపు వెళ్ళే డౌన్‌పైపు విప్పించి టార్చి వేసి చూశాం. టర్బైన్ బయటి అంచు నల్లగా తడిసి ఉంది, వేలు పెడితే జిడ్డు అంటింది. టర్బో కిందకి దించాక ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లో నాలుగు సిలిండర్ల దారులూ చూస్తే పొడి మసి. ముందు పొడి, తర్వాత తడి, మధ్యలో టర్బో, ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి. షాఫ్ట్ పట్టుకుని కదిపి చూశాం. పక్కలకి కొద్దిగా కదిలింది, అది ఉంటుంది, ఆయిల్ పొర కోసం వదిలిన సందు అది. ముందుకీ వెనక్కీ చేతికి తెలిసేంత కదలకూడదు, రెక్కలు గోడకి తగలకూడదు. రెండూ బాగానే ఉన్నాయి. టర్బో పోలేదు.

డ్రెయిన్ పైపు రెండు బోల్టులు విప్పి కిందకి లాగగానే కనిపించింది. అసలు గ్యాస్కెట్ బదులు సిలికాన్ పేస్ట్ దండిగా రాసి బిగించారు. బిగించినప్పుడు లోపలికి ఉబ్బిన పేస్ట్ అక్కడే ఆరిపోయి, కన్నం మీదకి బూడిద రంగు నాలుకలా సాగి, సగానికి పైగా మూసేసింది. గోటితో లాగితే రబ్బరులా సాగి ఊడి వచ్చింది, దాని వెనకాల చిక్కటి నల్ల ఆయిల్ నిలిచి ఉంది. మేస్త్రీ దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు, తర్వాత తనే పైపు తీసుకెళ్ళి పెట్రోల్‌తో కడిగి, గాలి కొట్టి, సంపు వైపు కన్నం కూడా వేలు పెట్టి తడిమి చూసుకున్నాడు. పేస్ట్ లేకుండా కొత్త మెటల్ గ్యాస్కెట్, ఆయిల్ వచ్చే పైపు బోల్టుకి కొత్త రాగి వాషర్లు వేశాం. పేస్ట్ ముక్కలు సంపులో పడితే ఆయిల్ పంపు జాలీకి అడ్డం పడతాయి కాబట్టి సంపు దించి జాలీ చూశాకే కొత్త ఆయిల్, ఫిల్టర్ వేశాం. ఇదంతా ఇంజన్ కారులో ఉండగానే అయిపోయింది.

ఇక్కడ ఇంకో గొయ్యి ఉంది, జాగ్రత్త. సరిచేసి స్టార్ట్ చేయగానే పొగ ఆగదు. ఇన్నాళ్ళూ కారిన ఆయిల్ కన్వర్టర్‌లో, సైలెన్సర్ డబ్బాలో నిలవుంటుంది. వేడెక్కేకొద్దీ ముందుకంటే ఎక్కువ పొగ రావచ్చు కూడా. అది చూసి కంగారుపడి "చూశారా, రింగులే" అని ఇంజన్ దింపేస్తే అప్పటిదాకా చేసిందంతా వృథా. హైవే ఎక్కి చిలకలూరిపేట దాకా లోడు మీద తిప్పుకొస్తే దారిలో పలచబడుతూ వచ్చి పోయింది. ఆ తర్వాత బెంజ్ సర్కిల్‌లో ఎంతసేపు నిలబడినా వెనక ఏమీ లేదు.

రింగుల గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. కొత్త ఇంజన్‌ని గంటల తరబడి ఐడిల్‌లో పెట్టి "రన్నింగ్ చేయించడం", వెయ్యి కిలోమీటర్ల దాకా నలభై దాటొద్దనడం మన దగ్గర బాగా అలవాటు. దీనికి నేను గట్టిగా వ్యతిరేకం. రింగుని బోరుకి అదిమేది దాని వెనక చేరే కంబషన్ ఒత్తిడి. ఐడిల్‌లో ఆ ఒత్తిడి చాలదు, రింగు పైపైన జారుతుంది, హోనింగ్ గీతల్లో ఆయిల్ కాలి పేరుకుని బోరు అద్దంలా నున్నబడుతుంది. ఒకసారి అలా అయితే రింగులు ఇక కూర్చోవు, అప్పుడు నిజంగానే దింపాల్సి వస్తుంది. ఆయిల్ ప్రెషర్, లీకులు, టెంపరేచర్ చూసుకున్న వెంటనే రోడ్డెక్కాలి, మధ్యస్థంగా లోడు ఇస్తూ, వదులుతూ, ఆర్‌పీఎం ఒకేచోట పెట్టకుండా నడపాలి. మొదట్లో మామూలు మినరల్ ఆయిల్ వేసి, రింగులు కూర్చున్నాకే సింథటిక్‌కి మారాలి. నా కారుని మొదటి రోజు నుంచి ఇలాగే నడిపాను, బోర్‌స్కోప్‌లో కనిపించిన ఆ గీతలకి కారణం ఇదేనని నా నమ్మకం.

పొగ పోయినా మైలేజీ ఇంకా తక్కువగానే ఉండటంతో స్కానర్ పెట్టి చూస్తే ముందున్న ఆక్సిజన్ సెన్సర్ మందకొడిగా కదులుతోంది, ఆయిల్ పొగకి దాని మొహం మీద పొర కట్టేసింది. అది మార్పించాక మైలేజీ దారికొచ్చింది. కన్వర్టర్‌కి మాత్రం ఇప్పటివరకు ఏమీ కాలేదు, డిప్‌స్టిక్ మీద ఆయిల్ పోసిన చోటే ఉంది.